గోడ మీద నీలం గీతలు

మా అమ్మాయి కృతి ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని చెప్పి మాట మార్చేస్తాను. పొద్దస్తమానం క్రికెట్ చూస్తుందనీ, చూసినందుకు కంపెనీ వాళ్లే ఎదురు జీతమిస్తారనీ చెబితే ఈ ఆల్థాన్ అపార్ట్‌మెంట్లో నాకున్న కాస్త పరువూ లిఫ్టు దిగి వెళ్లిపోతుంది. కానీ దాని పని నిజంగా అదే. దేశదేశాల మ్యాచ్‌లు ముందేసుకుని ఒక్కో బంతినీ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ నడిపించి, అది ఎక్కడ పడింది, ఎటు తిరిగింది, బ్యాట్స్‌మన్ ఏం కొట్టబోయి ఏం కొట్టాడు అన్నీ ఎక్కిస్తుంది. చివర్లో రెండు గళ్లుంటాయి. ఆ బంతికి బ్యాట్ అదుపులో ఉందా, లేదా. ఏదో ఒకటి నొక్కాలి. అలా నొక్కిన గళ్లన్నీ కలిపి పెద్ద పెద్ద జట్లు కొనుక్కుంటాయట, ఫలానావాడి సెంచరీలో ఆట ఎంత, అదృష్టం ఎంత అని తేల్చుకోవడానికి. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను పడీపడీ నవ్వాను. ఇదే పని మా బాపు, అంటే మా నాన్న, వడోద్‌లో ఒక నీలం సుద్దముక్కతో చేసేవాడు. ఆయనకు ఎవరూ జీతం ఇవ్వలేదు సరికదా, మా అమ్మ తిట్లు కూడా పడేవి.

మొన్న దీపావళికి కృతి బెంగళూరు నుంచి వచ్చింది. సెలవు మీద వచ్చానంది కానీ లాప్‌టాప్‌కు సెలవు లేదు. ఆ కంపెనీ వాళ్లు ఇప్పటి మ్యాచ్‌లు చాలక పాతవాటి మీద పడ్డారు. ఎక్కడెక్కడి వీడియోలకో దుమ్ము దులిపి తెచ్చి వాటికీ గళ్లు నింపిస్తున్నారు. చచ్చినవాళ్ల జాతకాలు రాయించినట్టుంది ఈ వ్యవహారం అని నేను గొణుగుతూ వంటింట్లో గారెల పిండి కలుపుకుంటుంటే అది హాల్లోంచి కేక పెట్టింది.

"మమ్మీ, జర ఇటు రా. బహుత్ పురానా మ్యాచ్ ఉంది. నువ్వు చూసినవేమో."

పిండి చేతులతోనే వెళ్లాను. బొమ్మ మసకగా ఉంది. ఆకుపచ్చ మైదానం వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగింది. కానీ మన ఓపెనర్ బంతి బంతికీ ముందు ఎడమ భుజానికి మూతి తుడుచుకోవడం చూడగానే గుర్తుపట్టాను. ఆ టెస్ట్ మ్యాచ్ నేను చూశాను. కూర్చుని కాదు, చేతుల్లో చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకుని, కొత్త చీరలో, నిలబడి.

అప్పట్లో మేము ఈ ఊళ్లోనే, మగ్గాల పేట వడోద్‌లో ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. పక్కపేట పాండేసరా బట్టల మిల్లుల బొగ్గు పొగ మా పెరట్లోంచే పోయేదో ఏమో, ఆరేసిన బట్ట తెల్లగా వెళ్లి బూడిద రంగులో తిరిగొచ్చేది. రంగుల నీళ్ల ఘాటు, మగ్గాల నూనె వాసన, ఇంటింటా పచ్చిపులుసులోకి కాల్చే మిరపకాయల కమురు, అన్నీ కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పుడు ఎంత వెతికినా అది దొరకదు. దొరికితే ముక్కు మూసుకుంటాననుకోండి, అది వేరే మాట. మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. అవ్వ పగలంతా గడపలో కూర్చుని, మార్కెట్ నుంచి మూటల్లో వచ్చిన చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. కత్తెర చప్పుడును బట్టి అవ్వ ఏ మూడ్‌లో ఉందో చెప్పగలిగేదాన్ని.

బాపు పేరు రాజేశం. జగిత్యాల అవతలి పల్లె నుంచి మగ్గం పనికని వచ్చి, ఆ చప్పుడుకు చెవులు పోకముందే చెకింగ్ టేబుల్ మీదికి మారాడు. మగ్గాల మీద నేసిన బట్ట రంగుకు పోయే ముందు తాకాలు తాకాలుగా, అంటే చుట్టలు చుట్టలుగా, ఆయన దగ్గరికి వచ్చేది. కింద ట్యూబ్‌లైటు వెలిగే గాజుబల్ల మీదుగా బట్ట జారుతుంటే బాపు నిలబడి వంగి చూసేవాడు. తెగిన పోగో, నూనె మరకో, నేత జారిన చోటో కనిపించగానే అంచున నీలం సుద్దతో ఒక గీత. దాన్నే డ్యామేజ్ అనేవాళ్లు. గీతలు లేని తాకా ఫ్రెష్ మాల్. గీతలు ఎక్కువైతే సెకండ్ మాల్. మిల్లులో ఆయన రోజూ ఎన్నో తాకాలకు ఫ్రెష్ ముద్ర కొట్టేవాడట. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం ఆ ముద్రను అక్కడే మరిచిపోయి, సుద్దముక్కను జేబులో వేసుకుని వచ్చేవాడు.

కనుబొమ్మల నిండా బట్ట నూగుతో పీట మీద కూర్చుని, అవ్వ పెట్టిన జొన్నరొట్టెను బల్బుకు అడ్డం పెట్టి చూసేవాడు. కొత్త జాకెట్టు కుట్టించుకుంటే కుట్టు చూసేవాడు. "ఎట్లుంది?" అని అవ్వ అడిగితే, "నడుస్తది" అనేవాడు. మా ఇంట్లో అంతకు మించిన బిరుదు లేదు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, నా పదో తరగతి మార్కుల కాగితాన్ని కూడా లైటుకు అడ్డం పట్టుకున్నాడు. చుట్టుపక్కల ఆడపిల్లల్లో అన్ని మార్కులు ఎవరికీ రాలేదు. "లెక్కలల్ల ఈ పోగు తెగిందేంది?" అన్నాడు. ఒక్కసారి ఫ్రెష్ అంటే ఈ మనిషి సొమ్మేం పోతుందని ఆ రోజు గోడకు తిరిగి ఏడ్చాను. ఏడ్చింది కూడా ఆయన చూసే ఉంటాడు, అందులోనూ ఏదో లోపం కనిపించి ఉంటుంది.

క్రికెట్ విషయంలోనూ ఇదే వరస. టీవీ మా ఇంట్లో ఉండేది కాబట్టి మ్యాచ్ రోజున గల్లీ మొత్తం మా గదిలోనే. అందరూ కింద కూర్చుంటే బాపు ఒక్కడే టీవీ పక్కన నిలబడేవాడు, చెకింగ్ టేబుల్ ముందు నిలబడ్డట్టే, నడుము వంచి. చేతిలో సుద్ద. మన బ్యాట్స్‌మన్ బ్యాట్‌కు అంచు తగిలినా, తప్పినా, క్యాచ్ గాల్లోకి లేచి ఎవరూ లేని చోట పడినా, సున్నం గోడ మీద ఒక నీలం గీత. "ఇల్లా ఇది, మిల్లా?" అని అవ్వ అరిచేది. మర్నాడు పొద్దున్నే తడిగుడ్డతో తుడిచేది. తుడిచిన చోట గోడ ఎప్పుడూ లేత నీలంగానే ఉండిపోయింది.

మన జట్టు గెలిచి వీధిలో టపాకాయలు పేలుతుంటే అందరూ ఎగిరేవాళ్లు కానీ, లోపల్లోపల తీర్పు కోసం చూసేవాళ్లు. మా పక్కింటి పోశన్న మగ్గం మీద పనిచేసి పనిచేసి, ఎదురుగా ఉన్నవాళ్లతో కూడా వీధి చివరి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. "రాజేశన్నా! సెంచరీ ఏం మాల్?" అని వాడు అరవడం, "సెకండ్" అని బాపు చల్లగా అనడం.

"అరే, నూరు కొట్టిండు గదనే!"

"మీటర్లు ఎక్కువుంటే మాల్ మంచిదైతదారా? ఇరవైల ఉన్నప్పుడు స్లిప్పుల నడుమకెళ్లి పోయింది. ఆడ కోసి పారేస్తే మిగిలేటియి పేలికలే."

బౌలర్ల సంగతి ఇంకా విడ్డూరం. వికెట్లు ఆయన లెక్కలోకే రావు. "ఫుల్‌టాస్‌కు క్యాచ్ ఇచ్చి పోతే అది ఆడెటోని డ్యామేజ్. ఏసినోని పనితనం ఏమున్నది అండ్ల?" అనేవాడు. ఒక్క వికెట్టూ పడకుండా పొద్దంతా బ్యాట్ పక్క నుంచి బంతిని పంపిస్తూ, నడుం పట్టుకుని నిట్టూర్చే బౌలర్ కనిపిస్తే మాత్రం, "ఇగో, నేత అంటే ఇది" అని కళ్లు మెరిసేవి. మర్నాటి పేపరు అదే బౌలర్ విఫలమయ్యాడని రాసేది. ఆ పేపర్లోనే అవ్వ రొట్టెలు చుట్టి డబ్బాలో పెట్టేది. అంతమాత్రాన మా బాపుకు ఆట అంతా తెలుసని నేను అనడం లేదు. ఆయన మెచ్చుకున్న బౌలర్లలో సగం మంది మరుసటి సిరీస్‌కే జట్టులోంచి మాయమయ్యేవాళ్లు. సెకండ్ మాల్ అన్న బ్యాట్స్‌మన్లు ఏళ్ల తరబడి ఆడి ఆయన ఉసురు తీసేవాళ్లు. తప్పు తప్ప ఇంకేమీ కనబడని కన్ను ఆయనది. దానివల్ల ఎంత తెలిసేదో అంత తెలియకుండానూ పోయేది.

ఆ కన్ను ఒకసారి ఆయన్ను నిండా ముంచింది. ఎప్పుడూ సాదా బట్టే నేసే మిల్లులో, ఒకరోజు చెప్పాపెట్టకుండా డిజైన్ మగ్గాలు బిగించారు. బట్టలోనే చిన్న చిన్న వజ్రాల బొమ్మలు, పోగులు ఎగరేసి, దాటేసి నేసినవి. రంగు పడకముందు అవి పోగులు జారినట్టే ఉంటాయి. బాపు టేబుల్ మీదికి ఆ తాకా వచ్చింది. ఈయన మొదటి వజ్రం దగ్గర గీత పెట్టాడు. రెండో దాని దగ్గర పెట్టాడు. ఆగి ఎవర్నన్నా అడగాలా? అడగడు. తాకా మొదలు నుంచి చివరిదాకా ప్రతి వజ్రానికీ ఒక గీత పెట్టి, చెమట తుడుచుకుని, మగ్గం నడిపినవాడిని పిలిచి నానా తిట్లూ తిట్టాడు. మడతలు పెట్టే హాల్లో ఆ బట్ట విప్పినప్పుడు నవ్విన నవ్వులు చాలా రోజులు ఆగలేదు. వడోద్ మొత్తం ఆయన్ను "డిజైన్ రాజేశం" అంది. బాపు రెండు పూటలు అన్నం ముట్టలేదు. అప్పట్నుంచి మా ఇంట్లో డిజైన్ అన్న మాట ఎవరూ ఎత్తకూడదు. ముగ్గు డిజైన్‌ను కూడా అవ్వ ఉత్త ముగ్గే అనేది.

ఇక నా పెళ్లిచూపులు. అంతకుముందు వచ్చిన రెండు సంబంధాలూ క్రికెట్ వల్లే పోయాయి. ఒకతను మ్యాచ్ చూస్తూ కునుకు తీశాడు. ఇంకొకతను మనవాడు రనౌటయితే నవ్వాడు. మూడోది పోశన్న తెచ్చాడు. మనోహర్, బ్యాంకులో గుమాస్తా, ఆల్థాన్‌లో తల్లితో ఉంటాడు. ఆదివారం పొద్దున, సరిగ్గా టెస్ట్ మ్యాచ్‌లో మనవాళ్ల బ్యాటింగ్ మొదలయ్యే వేళకు దిగారు. నేను తలుపు సందులోంచి చూశాను. ఆయన గడప బయట చెప్పులు విప్పి, పక్కన చిందరవందరగా పడున్న బాపు చెప్పుల్ని కూడా కాలితో కాదు, చేత్తో జరిపి జతగా పెట్టాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. నాకు నచ్చాడు. చెప్పొద్దూ, చాలా నచ్చాడు. ఈ సంబంధం కూడా పోతే ఎలా అని తలుపు సందుకు ఇంకా దగ్గరగా జరిగాను.

బాపు టీవీ ఆపలేదు. సౌండు తగ్గించాడు, అదే ఆయన చేసిన మర్యాద. కాసేపటికి మనోహర్‌కు ధైర్యం వచ్చింది. ఆయనకు పత్రికల్లో వచ్చే సగటులన్నీ నోటికి వచ్చు. ఏ దేశంలో ఎంత, ఏ బౌలర్ మీద ఎంత అని మొదలుపెట్టాడు.

"ఈ ఓపెనర్ యావరేజ్ చూడుండ్రి కాకా, ఎంత మంచిగున్నదో."

"కాకా కాదయ్యా, మామా అను! వరుసే చెడగొడ్తివి!" అని పోశన్న ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

బాపు తల తిప్పలేదు. "యావరేజ్ అంటే ఏంది? ఫ్రెష్ మాలునూ సెకండ్ మాలునూ ఒక్క మూటల కట్టుడు."

"మూట గట్టి చూస్తెనే గద మామా, ఏ మగ్గం మంచిదో తెల్సేది!"

మాట బాగానే ఉంది. బాగుండటమే కొంప ముంచింది. బాపు నడుము నిటారుగా అయింది. ఇక ఇద్దరూ మొదలుపెట్టారు. పరాయి జట్టులోని ఒక పొడుగు బౌలర్‌కు వికెట్లు తక్కువ కాబట్టి పనికిరాడని మనోహర్, వాడి బంతి వాసన కూడా మనవాళ్లకు దొరకడం లేదని బాపు. నేను పళ్లెం పట్టుకుని వచ్చి నిలబడ్డాను. పెళ్లికూతురు వచ్చిందని ఒక్కరికీ తోచలేదు. చాయ్ మీద మీగడ కడుతోంది. కాటుక పెట్టుకుని, జడలో మల్లెపూలు ముడుచుకుని, ఔట్‌స్వింగర్ గురించిన వాదన వింటూ నిలబడ్డ పెళ్లికూతురు ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అంతలో ఆ పొడుగు బౌలర్ వేసిన బంతి మన ఓపెనర్ బ్యాట్ పక్క నుంచి వెళ్లి కీపర్ చేతుల్లో పడింది. బాపు గోడ మీద సర్రున గీత గీశాడు. "ఇగో, చూడు నీ యావరేజ్!" అన్నాడు. అందులో వెటకారం ఎంత ఉందంటే, మనోహర్ మొహం మాడిపోయింది. వాళ్లమ్మ కొంగు సర్దుకుంది. లేవబోయే మనిషి సర్దుకునే తీరు అది. నా కళ్ల ముందే పోతోంది సంబంధం. ఇక నోరు ఆగలేదు.

"అది డ్యామేజ్ గాదు బాపూ. బ్యాట్ బాల్ ఎంబడి పోలే. బయటికి తిరిగేదాన్ని తిరగనీ అని, తన బ్యాట్‌ను వికెట్ల ముంగటనే నిలబెట్టిండు. కావాల్నని ఇడ్చిపెట్టిండు. అది డిజైన్."

ఆ పద్ధతి నిజంగానే ఉంది. మంచి బ్యాట్స్‌మన్లు అలా వదిలేస్తే చూసేవాళ్లకు తప్పినట్టు కనిపిస్తుంది, కానీ తప్పు కాదు. ఏళ్ల తరబడి ఆ గోడ పక్కన పెరిగినదాన్ని, నాకు ఆ మాత్రం తెలుసు. కానీ చివరి మాట నోట్లోంచి పడ్డాక గాని నేనేం అన్నానో నాకు తెలియలేదు. పోశన్న ఇంటి కప్పు వైపు చూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బాపు నా వైపు ఒక్కసారి చూసి టీవీ వైపు తిరిగాడు. ఆ బంతినే మళ్లీ నెమ్మదిగా చూపిస్తున్నారు. ఆయన తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగి చూశాడు. మిగతావాళ్లం ఎవరం టీవీ చూడలేదు, అందరం ఆయన్నే చూస్తున్నాం. తర్వాత నెమ్మదిగా గోడ దగ్గరికి జరిగి, బొటనవేలితో ఆ గీతను రుద్ది చెరిపేశాడు.

గీసిన గీతను బాపు చెరపడం నేను చూడటం అదే మొదలు. ఆ తర్వాతా చూడలేదు. బాపు వచ్చి మనోహర్ పక్కనే చాప మీద కూర్చుని, "చాయ్ తాగుండ్రి, సల్లారుతది" అన్నాడు, అది ఎప్పుడో చల్లారిపోయినా. ఆ సుద్ద అంటిన వేలితోనే తన గ్లాసు తీసుకున్నాడు. మనోహర్ వాళ్లమ్మ కొంగు వదిలేసి పకపకా నవ్వింది. "పిల్లకు నోరున్నది. మా వానికి లేదు. సరిపాయె" అంది. వాళ్లు వెళ్లాక "పిల్లగాడెట్లున్నడు?" అని అవ్వ అడిగితే బాపు, "సెకండ్ మాల్. నడుస్తది" అన్నాడు. ఈ బిరుదును మా ఆయన ఇన్నేళ్లూ సంతోషంగా మోశాడు. నేనైతే ఈ కథను ఎన్ని పేరంటాల్లో చెప్పానో లెక్కలేదు. రాజేశం అంతటి చెకింగ్ మాస్టర్ నోరు మూయించిన మొనగత్తెను నేనేనని, చెప్పిన ప్రతిసారీ కాస్త పొడుగు చేసి చెప్పాను. బాపు కూడా వినేవాడు. తల వంచుకుని నవ్వేవాడు, ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. ఆయన పోయి రెండేళ్లవుతోంది.

ఇప్పుడు ప్రతివాడి చేతిలోనూ ఒక సుద్దముక్క ఉంది. కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్లో రంగురంగుల చుక్కలు చూపించి ఫలానా బౌలర్ ఎందుకు పనికిరాడో చెబుతారు. అవన్నీ తుడిచే అవ్వ ఒక్కతే ఎక్కడా లేదు. అది చాలదన్నట్టు నేను కృతి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఆగు, ఆగు. ఈ పొడుగాయన ఓవర్లనే ఉంటది. మీ తాత నోరు మూయించిన బాల్" అన్నాను. ఆ కథ దానికి కంఠతా వచ్చు. నవ్వుతూ ఒక్కో బంతీ జరిపింది. వచ్చింది. ఆపింది. మళ్లీ వెనక్కి తిప్పి, అంగుళం అంగుళంగా నడిపించింది.

బ్యాట్ వికెట్ల ముందు లేదు. బంతి వెంటే పోయింది. భుజం కూడా బయటికి పడింది. ఆఖరి క్షణంలో వెనక్కి లాక్కోబోయాడు, కుదరలేదు. వెంట్రుక మందంలో తప్పింది. ఆ తర్వాత వాళ్లు నెమ్మదిగా చూపించిన ముక్క కూడా వీడియోలో ఉంది. అందులో ఇంకా స్పష్టంగా ఉంది, చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

"మమ్మీ, ఇది పక్కా డ్యామేజే. పూరా బయటికి పోయిండు" అంది కృతి, నవ్వు ఆపి.

"మళ్ల ఏయి" అన్నాను. మళ్లీ వేసింది. ఇంకోసారి వేయమన్నాను. జారిపోతున్న బట్టలో తెగిన ఒక్క పోగును పట్టే మనిషి, ఈ ముక్కనే తెరకు మొహం ఆనించి చూశాడు. చూసి, లేచి, చెరిపాడు. అందరి ముందూ మళ్లీ డిజైన్ రాజేశం అయ్యాడు, తెలిసి అయ్యాడు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. పిండి చేతులతో కళ్లు తుడుచుకోవడానికి లేక అలాగే కూర్చుండిపోయాను.

"ఏం నొక్కాలె మమ్మీ?" అని అది మెల్లగా అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు నొక్కు. మీ తాత పేరు చెడగొట్టకు" అన్నాను. అది నొక్కింది. తెర మీద, అదుపులో లేదన్న గడిలో, ఒక ఎర్రచుక్క పడింది. మా ఆయన బయటి నుంచి వచ్చి గడపలో చెప్పులు జతగా పెడుతూ, "ఏ మ్యాచ్ అది? ఆ ఓపెనర్ యావరేజ్..." అని మొదలుపెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ రోజు పెళ్లిచూపుల వాళ్లు వెళ్లాక గ్లాసులు నేనే తోమాను. ఒకదాని మీద బొటనవేలి ముద్ర నీలంగా ఉంది. నీళ్లకు పోలేదు. ఈయనకు ఇంట్లో కూడా సుద్దేనా అని విసుక్కుని, పీచుకు బూడిద అద్ది గట్టిగా రుద్ది కడిగేశాను.